గేట్ వాల్వ్ సీటు కారుతుంటే చక్రానికి పైపు తగిలించకండి

ఒంగోలు పక్కన ఒక చిన్న యూనిట్‌లో పని చేస్తాను. గేట్, గ్లోబ్, చెక్ వాల్వులు చేస్తాం, 2 నుంచి 12 అంగుళాల దాకా. గేట్ వాల్వ్‌లో పైన చక్రం తిప్పితే స్పిండిల్ (మరల కడ్డీ) వెడ్జ్ అనే ఏటవాలు పలకను కిందికి దింపుతుంది, అది బాడీలో (బయటి గుల్లలో) ఎదురెదురుగా ఉన్న రెండు సీట్ల మీద ఆని దారి మూస్తుంది. ఐటీఐ నుంచో డిప్లొమా నుంచో కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ మొదటి నెలలోనే నా దగ్గరికొచ్చి "అన్నా, బాడీ టెస్టు పాసైంది, సీటు కారతా ఉంది, ఏం చేయమంటారు?" అంటాడు. నేను లేచి బెంచ్ దగ్గరికి వెళ్లేలోపు ఇంకొకడు మూడడుగుల పైపు తెచ్చి హ్యాండ్ వీల్ ఊచల మధ్య దూర్చి వేలాడుతుంటాడు. కారడం ఆగుతుంది కూడా, అదే అసలు ఇబ్బంది. వెడ్జ్ సీట్ల మధ్య ఇరుక్కుపోతుంది, స్పిండిల్ మరలు అరుగుతాయి. రేపు సైట్‌లో మామూలు మనిషి మామూలుగా చేత్తో మూసినప్పుడు అదే వాల్వ్ మళ్లీ కారుతుంది, అప్పుడు ఫోన్ మనకే వస్తుంది.

ముందు ఎంత కారితే తప్పో తెలియాలి. అందరూ వాడేది ఏపీఐ 598, వాల్వ్ టెస్టులకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రమాణం. మెటల్ సీటు గేట్ వాల్వ్ 2 అంగుళాలు, అంతకన్నా చిన్నదైతే ఒక్క చుక్క కూడా రాకూడదు. రెండున్నర నుంచి 6 అంగుళాల వాటికి నీళ్లతో నిమిషానికి 12 చుక్కలు, గాలితో 24 బుడగల వరకు ఒప్పుకుంటారు. రబ్బరు, టెఫ్లాన్ లాంటి సాఫ్ట్ సీటుకు ఏ సైజైనా సున్నానే. మనం చేసే క్లాస్ 150, 300 (ప్రెషర్ తట్టుకునే తరగతులు) గేట్ వాల్వులకు 4 నుంచి 7 బార్ గాలితో సీటు టెస్టు తప్పనిసరి, నీళ్లతో హై ప్రెషర్ సీటు టెస్టు కస్టమర్ అడిగితేనే. డబ్ల్యూసీబీ (పోత కార్బన్ స్టీలు) క్లాస్ 150 వాల్వ్ 38 డిగ్రీల దగ్గర 19.6 బార్ తట్టుకోవాలి. బాడీ టెస్టు దానికి ఒకటిన్నర రెట్లు, పైకి సర్దుకుంటే 450 పీఎస్‌ఐ, అంటే 31 బార్. సీటుకు నీళ్లతో అయితే 1.1 రెట్లు, దాదాపు 22 బార్. 6 అంగుళాల వాల్వ్‌ని 60 సెకన్లు పట్టి ఉంచాలి, 8 నుంచి 12 అంగుళాలైతే 120. మొబైల్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి, మనసులో లెక్కపెడితే అరవై నలభైకే అయిపోతుంది.

ఇక కారుతోంది అనుకుందాం. వాల్వ్‌ని అనుమానించే ముందు టెస్టునే అనుమానించండి. బాడీ టెస్టు చేసిన నీళ్లు లోపల వెడ్జ్ పైన గూడులో నిలిచి ఉంటాయి, సీటు టెస్టులో అవే మెల్లగా ఊరి చుక్కలుగా పడతాయి, దాన్ని లీకేజీ అనుకుని మంచి వాల్వ్‌ని విప్పేసిన రోజులున్నాయి. గాలి ఊది ఆరబెట్టి మళ్లీ చూడండి. గేజ్ కూడా చూడండి. 22 బార్ టెస్టుకు 250 బార్ గేజ్ పెడితే ముల్లు కదిలిందో లేదో తెలియదు. టెస్టు ప్రెషర్ గేజ్ మొత్తం స్కేలులో పావు, ముప్పావు మధ్య పడాలి, దీనికి 40 బార్ గేజ్ సరిపోతుంది.

దీనికి తలకిందుల తప్పు ఇంకొకటి ఉంది, నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. రెండు ఫ్లాంజ్‌లనూ ర్యామ్‌తో (హైడ్రాలిక్ పిస్టన్‌తో) నొక్కి పట్టే క్లాంప్ బెంచ్ మీద మరీ గట్టిగా బిగిస్తే బాడీ కొంచెం నలిగి సీట్లు దగ్గరికి జరిగి వెడ్జ్‌ని పట్టుకుంటాయి. కారే వాల్వ్ కూడా నిక్షేపంగా పాసవుతుంది. అలా పాసైన 8 అంగుళాల వాల్వులు కొన్ని లైన్‌లో పెట్టగానే కారి వెనక్కొచ్చాయి. మళ్లీ బెంచ్ మీద పెడితే మళ్లీ పాస్! రెండు రోజులు తల పట్టుకున్నాం. చివరికి క్లాంప్ తీసేసి బ్లైండ్ ఫ్లాంజ్ (చివర మూసే పలక) బోల్టులతో కట్టి చూస్తే అప్పుడు బయటపడింది. అప్పట్నుంచి కొత్త సైజు ఏదొచ్చినా మొదటి వాల్వ్‌కి బోల్టులతోనే టెస్టు చేస్తున్నాం, క్లాంప్ ప్రెషర్ కారకుండా పట్టేంతే, అంతకు మించి పెట్టనివ్వం.

టెస్టు సరిగ్గానే ఉందా, ఇప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. ఒక వైపు ప్రెషర్ పెడితే వెడ్జ్ అవతలి సీటు మీదికి వెళ్లి ఆనుతుంది, మీరు చూడాల్సింది ఆ అవతలి సీటే. దాన్ని గుడ్డతో పొడిగా తుడిచి, టార్చ్ వేసి కళ్లు పెట్టి చూడండి. గాలి టెస్టయితే బ్రష్‌తో సబ్బు నీళ్లు పూయండి, కానీ ముఖం నేరుగా అడ్డం పెట్టకండి. నీళ్లతో ఏదైనా ఊడితే ప్రెషర్ వెంటనే పడిపోతుంది, గాలి అలా ఊరుకోదు, విసిరికొడుతుంది. బుడగలు వెడ్జ్‌కీ సీటుకీ మధ్య వస్తే ఒక కథ, సీట్ రింగ్ వెనక నుంచి, అంటే మరలోంచో వెల్డు అంచులోంచో వస్తే వేరే కథ. రెండోదైతే వారం రోజులు ల్యాపింగ్ (రాపిడి పేస్ట్‌తో రుద్ది ముఖం సరిచేయడం) చేసినా ఆగదు. రింగ్ తీసి మళ్లీ బిగించాలి, లేదా సీల్ వెల్డు చేయాలి. ఈ ఒక్క చూపు చూడకుండా పేస్ట్ డబ్బా తెరిచేవాళ్లే ఎక్కువ.

మధ్యలోంచే వస్తోంది అంటే ముందు మురికి. కాస్టింగ్ ఇసుక, మెషిన్ చిప్, వెల్డింగ్ చిటపటలు, వీటిలో ఒక్క రేణువు చాలు. కిరోసిన్‌తో కడిగి తుడవండి. గ్రీజు పూసి టెస్టు చేయకండి. సీట్ల మీద కిరోసిన్ కన్నా చిక్కనిదేదీ ఉండకూడదు, గ్రీజు లీకేజీని దాచేస్తుంది.

ఆ తర్వాతే బ్లూ. వెడ్జ్ ముఖం మీద ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనుతోందో చూపే నీలి రంగు) ఉల్లిపొరంత పల్చగా వేలితో రాయండి, మందంగా రాస్తే ఆనని చోట కూడా అంటుకుని మిమ్మల్ని నమ్మించేస్తుంది. వెడ్జ్‌ని దింపి, చేత్తో మామూలుగా బిగించి, ఊగించకుండా పైకి తీయండి. సీటు మీద నీలం గీత ఎక్కడా తెగకుండా గుండ్రంగా రావాలి. పైన మాత్రమే అంటిందంటే వెడ్జ్ వాలు సీట్ల వాలు కన్నా ఎక్కువ ఉంది, కింద మాత్రమే అంటితే తక్కువ ఉంది. కుడివైపో ఎడమవైపో మాత్రమే అంటితే గైడ్ పక్కకు లాగుతోంది, లేదా సీట్ రింగ్ వంకరగా కూర్చుంది. ఒక ముఖం బాగుండి రెండోది బాగా లేకపోతే బాడీ మెషినింగ్ మధ్య గీతకు సమానంగా రాలేదు. గీత ఒకట్రెండు చోట్ల సన్నగా తెగితే ల్యాపింగ్‌తో పోతుంది, సగం చుట్టు లేకపోతే మాత్రం మెషిన్ మీదికి పంపండి, చేత్తో పోయేది కాదు.

ల్యాపింగ్ ఎంత చేయాలన్న దానికి చిన్న లెక్క ఉంది. ఒక్కో ముఖం 5 డిగ్రీలు వాలున్న వెడ్జ్‌లో రెండు ముఖాల నుంచీ 0.1 మి.మీ. చొప్పున తీస్తే వెడ్జ్ దాదాపు 1.1 మి.మీ. కిందికి దిగుతుంది. కొత్త వాల్వ్‌లో వెడ్జ్ కాస్త పైనే కూర్చోవాలి, అరిగే కొద్దీ దిగడానికి చోటు మిగలాలి. ఫ్యాక్టరీలోనే ఆ చోటంతా తినేస్తే కస్టమర్‌కి మిగిలేదేముంది? ముతక పేస్ట్‌తో మొదలుపెట్టి సన్నదానికి రండి, మారేటప్పుడు కిరోసిన్‌తో కడగండి, ముతక పేస్ట్ తుడిచిన గుడ్డ మళ్లీ వాడకండి. చేతిని ఎనిమిది అంకె గీసినట్టు తిప్పండి, వెడ్జ్‌ని మధ్యమధ్యలో పావు చుట్టు తిప్పి పెట్టండి.

రుద్దే ప్లేట్ సమతలంగా లేకపోతే ఇదంతా దండగ. మా దగ్గర ఒకసారి చీమకుర్తి నుంచి పాలిష్ చేసిన గ్రానైట్ పలక ఒకటి తెచ్చి "అద్దంలా ఉంది కదన్నా, దీని మీదే రుద్దేద్దాం" అన్నారు. ముఖం చూసుకునేంత మెరుపు, కానీ స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వెనక లైటు వేస్తే మధ్యలో వెలుగు కనపడింది. మెరుపు వేరు, సమతలం వేరు. ఆ పలక ఇప్పుడు టీ గ్లాసులకు వాడుతున్నాం, ల్యాపింగ్‌కి పోత ఇనుము ప్లేటే.

13 శాతం క్రోమ్ ట్రిమ్ (సీటు, వెడ్జ్ లాంటి లోపలి భాగాలు) అయితే హార్డ్‌నెస్ కూడా చూడండి, కనీసం 250 బ్రినెల్ (గట్టిదనం కొలత), సీటుకీ వెడ్జ్‌కీ మధ్య 50 తేడా ఉండాలి. రెండూ ఒకటే ఉంటే ఒకదాన్నొకటి పీక్కుంటాయి, ఈరోజు పాసైనా పదిసార్లు తెరిచి మూసేసరికి గీతలు పడతాయి. బానెట్ (వాల్వ్ పై మూత) బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి. ఒక వైపే లాగితే స్పిండిల్ ఒరుగుతుంది, దాంతో బ్లూ బాగా వచ్చిన సీటు కూడా కారుతుంది.

బాడీ మీద చెమర్చితే సుత్తితో కొట్టి మూయడం, ఎం-సీల్ పెట్టడం లాంటివి వద్దు. గ్రైండ్ చేసి, అప్రూవ్ అయిన పద్ధతిలో వెల్డు చేసి, మళ్లీ మొదటి నుంచి టెస్టు చేయాలి.

మన వైపు వాళ్లకు ఇంకొక్క మాట, నీళ్ల సంగతి. సముద్రం పక్కన బోరు నీళ్లు నోట్లో పెట్టుకుంటేనే తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ వాల్వులకు క్లోరైడ్ 100 పీపీఎం దాటని నీళ్లే వాడాలి, దాటితే పగుళ్లు రావచ్చు, అదీ ఎప్పటికో. మేం ఆర్‌ఓ నీళ్లు విడిగా ట్యాంకులో పెట్టుకుని, టెస్టు అయ్యాక గాలితో ఆరబెడతాం. మే నెలలో బెంచ్‌ని ఎండలో పెట్టకండి, మూసి ఉంచిన నీళ్లు వేడెక్కితే గేజ్ దానంతటదే పైకి పోతుంది, లీకేజీ ఉన్నా కనపడదు.

పెయింట్ టెస్టు అయ్యాకే వేయాలి, పెయింట్ చిన్న బెజ్జాలను మూసేస్తుంది. పెయింటర్ తొందర పెడితే ఆ గ్రానైట్ పలక దగ్గర కూర్చుని ఒక టీ తాగమనండి.