చెరువు పనికి కూలీలను పెట్టేటప్పుడు

అనంతపురం వైపు చెరువుల్ని పక్షులకు పనికొచ్చేలా బాగుచేయించాలంటే, పనిని ముందు గ్రామసభలో పెట్టి ఉపాధి హామీ జాబితాలో చేర్పించండి. పని కావాలన్నవాళ్ల దరఖాస్తులు రాతపూర్వకంగా ఇప్పించి, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. రసీదు లేకపోతే, 15 రోజుల్లో పని ఇవ్వాలన్న గడువును అడగలేరు.

అసలు తంటా సర్కారు తుమ్మతోనే. పైన నరికితే నాలుగు కొమ్మలై లేస్తుంది. మొదలు చుట్టూ జానెడున్నర లోతు తవ్వి, చిగురు వేసే గడ్డతో సహా పెకలించాలి. కూలి కొలతను బట్టి వస్తుంది కాబట్టి, మొద్దు తీయడాన్ని అంచనాలో విడిగా రాయించండి. రాయించకపోతే పైపైన కొట్టేసి పోతారు, వాళ్లను తప్పుపట్టలేం. నల్లతుమ్మను మాత్రం ముట్టొద్దు, కొంగలు దాని మీద గూళ్లు కడతాయి. ఆ తేడా మేటుకు (కూలీల పని చూసుకునే మనిషికి) చెట్టు దగ్గరే చూపించండి.

పూడిక తీయడం ఎండాకాలంలో, తెల్లవారుజామునే. కట్ట మొదట్లో తవ్వితే ఊట పడుతుంది. అంచుల్ని నిట్టనిలువుగా కోయొద్దు, ఉల్లంకుల్లాంటి చిన్న నీటిపక్షులు లోతు లేని అంచు నీళ్లలోనే మేస్తాయి. వీరాపురంలోలా ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచే ఊళ్లలో, గూళ్లున్న చెట్ల కింద పని అవి ఎగిరిపోయాకే.