సర్వర్ ఆగిపోయిందని కస్టమర్ కంటే ముందు మీకు తెలియాలంటే

రెండేళ్ల కిందట ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్ వచ్చింది. "అన్నా, బిల్లులు పడటం లేదంటున్నారు. స్క్రీన్ మీద మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి" అన్నాడు డ్యూటీలో ఉన్న తమ్ముడు. మా ఆఫీసు చెన్నై పెరుంగుడిలో. మాది నెల్లూరు, అతనిది సూళ్లూరుపేట. ఇంటి నుంచే లాగిన్ అయి చూశాను. పింగ్‌కి (సర్వర్ బతికుందా అని అడిగే చిన్న పలకరింపుకి) జవాబు వస్తోంది, సీపీయూ ఖాళీగా ఉంది, డిస్క్‌లో సగానికి పైగా చోటుంది. అయినా కొత్త ఫైల్ రాయబోతే చోటు లేదంటోంది. డిస్క్‌లో చోటు చూపించే డీఎఫ్ కమాండ్‌కి మైనస్ ఐ చేర్చి కొడితే అసలు సంగతి బయటపడింది. ఐనోడ్‌లు, అంటే ఒక్కో ఫైల్ వివరాలు రాసుకునే గళ్లు, 100 శాతం అయిపోయాయి! లాగిన్ అయినప్పుడల్లా పుట్టే పాత సెషన్ ఫైళ్లు ఎవరూ తొలగించకపోవడంతో ఒకే ఫోల్డర్‌లో లక్షల కొద్దీ పేరుకున్నాయి. ఫైల్ ఎంత చిన్నదైనా దానికో ఐనోడ్ కావాలి. మేం డిస్క్‌లో చోటెంతో రోజూ కొలిచాం గానీ, బిల్లు పడుతోందా లేదా అని ఎప్పుడూ చూడలేదు.

కొత్తగా మానిటరింగ్ (సర్వర్లు, నెట్‌వర్క్ సరిగా నడుస్తున్నాయో లేదో కనిపెట్టి చూసే ఏర్పాటు) పెట్టేవాళ్లు ఈ వరుసలో వెళ్తే ఇలాంటి రాత్రులు తగ్గుతాయి.

1. ముందు కాగితం మీద రాయండి

సర్వర్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు, ఫైర్‌వాల్, ఇంటర్నెట్ లింకులు, యూపీఎస్, సర్వర్ రూమ్ ఏసీ... ఏది ఆగితే ఎవరి పని ఆగుతుంది, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి? ఇవన్నీ రాయండి. డొమైన్ (వెబ్‌సైట్ పేరు) గడువు, సైట్ భద్రతకి వాడే సర్టిఫికెట్ గడువు మరిచిపోవద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే మామూలు సర్టిఫికెట్ 90 రోజులే ఉంటుంది. దానంతటదే రెన్యూ అవుతుందిలే అనుకుని వదిలేస్తే, రెన్యూ చేసే స్క్రిప్ట్ ఆగిన సంగతి కస్టమరే చెప్పాల్సి వస్తుంది.

2. వాడేవాళ్ల వైపు నుంచి మొదటి చెక్ పెట్టండి

లాగిన్ అవ్వాలి, ఒక టెస్ట్ బిల్లు వేయాలి, జవాబు ఎన్ని సెకన్లలో వచ్చిందో కొలవాలి. నిమిషానికోసారి చాలు. సీపీయూ, మెమరీ, డిస్క్, ఐనోడ్‌లు ఆ తర్వాత. తప్పు ఎక్కడుందో వెతకడానికి అవి పనికొస్తాయి, తప్పు జరిగిందని మొదట చెప్పేది మాత్రం ఈ చెక్కే.

ఏ మానిటరింగ్ టూల్ వాడాలని ఎక్కువ టెన్షన్ పడకండి. స్విచ్‌లు, సర్వర్లు కలిసి ఉన్న ఆఫీసుకి జాబిక్స్ బాగుంటుంది. కంటైనర్లు (ఒకే మెషీన్‌లో విడివిడిగా నడిచే అప్లికేషన్ పొట్లాలు) ఎక్కువుంటే ప్రొమీథియస్, గ్రఫానా. పది సైట్లు చూసుకుంటే చాలనుకుంటే అప్‌టైమ్ కూమా.

3. చూసే కన్ను ఆఫీసు బయట కూడా ఉండాలి

చెన్నైలో ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. 2015 డిసెంబర్ వరదలు, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను మనకి గుర్తే. ఆఫీసుకి కరెంట్ పోయి, జనరేటర్ కూడా ఆగితే, అదే రూమ్‌లో ఉన్న మానిటరింగ్ సర్వర్ కూడా పోతుంది. అప్పుడు అలర్ట్ పంపేదెవరు? హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఒక చిన్న క్లౌడ్ మెషీన్ తీసుకుని, బయటి నుంచి చెక్ చేయించండి. లోపలి మానిటరింగ్ నిమిషానికోసారి దానికి 'ఉన్నాను' అని సిగ్నల్ పంపాలి. ఐదు నిమిషాలు సిగ్నల్ రాకపోతే అదే అలర్ట్. అలర్ట్ మెయిల్ కూడా మీ సొంత మెయిల్ సర్వర్ మీదుగా మాత్రమే వెళ్లకుండా చూసుకోండి.

4. స్విచ్‌ల దగ్గర రెండు జాగ్రత్తలు

స్విచ్‌ల లాంటి పరికరాల వివరాలు మానిటరింగ్ అడిగి తెలుసుకునే పద్ధతి ఎస్‌ఎన్‌ఎంపీ. దాని పాత వెర్షన్లలో పాస్‌వర్డ్‌లా వాడే కమ్యూనిటీ పేరు నెట్‌వర్క్‌లో దాపరికం లేకుండానే వెళ్తుంది. 'పబ్లిక్' అనే పేరు అలాగే వదిలేసినవి ఇప్పటికీ కనిపిస్తుంటాయి. వెర్షన్ 3 పెట్టి, ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, ఎస్‌ఎన్‌ఎంపీ వాడే 161 పోర్ట్‌ని మానిటరింగ్ సర్వర్ ఐపీకి మాత్రమే తెరవండి.

రెండోది, ట్రాఫిక్ కొలిచేందుకు, వెళ్లిన బైట్లని లెక్కపెట్టే కౌంటర్లలో 64 బిట్‌వే వాడండి. 1 జీబీపీఎస్ లింక్ నిండుగా నడిస్తే 32 బిట్ కౌంటర్ సుమారు 34 సెకన్లలో నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీరు నిమిషానికోసారి చదివితే అది ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. గ్రాఫ్ అందంగానే ఉంటుంది, అంకె మాత్రం తప్పు.

5. అలర్ట్‌లు తగ్గించండి

నా దృష్టిలో కష్టమైన పని ఇదే. 'డిస్క్ 90 శాతం' అనే ఒకే రూల్ అన్ని డిస్క్‌లకీ పెట్టకండి. 10 టీబీ డిస్క్‌లో పది శాతం మిగిలిందంటే ఇంకా 1 టీబీ ఉన్నట్టు. ఇప్పుడు నిండుతున్న వేగానికి ఎన్ని గంటల్లో అయిపోతుందో లెక్కగట్టండి. ప్రొమీథియస్‌లో ప్రెడిక్ట్ లీనియర్ ఫంక్షన్ ఉన్నది ఇందుకే. నాలుగు గంటల్లో నిండేట్టుంటే రాత్రయినా ఫోన్ మోగాలి, నాలుగు రోజులు పడుతుందంటే పొద్దున టికెట్ చాలు.

సీపీయూ వాడకం ఒక్క క్షణం 95 శాతానికి వెళ్తే అలర్ట్ వద్దు, పది నిమిషాలు అక్కడే ఉంటే పంపండి. నెట్‌వర్క్ స్విచ్ ఆగిపోతే దాని వెనకున్న ఇరవై సర్వర్ల అలర్ట్‌లు ఆగి, స్విచ్ అలర్ట్ ఒక్కటే మోగాలి. ప్రతి అలర్ట్‌లోనూ మొదట ఏం చూడాలో రెండు లైన్లు రాయండి. నిద్రలోంచి లేచిన మనిషికి ఆ రెండు లైన్లే ఆధారం. వారానికోసారి అందరూ కూర్చుని, ఎవరూ ఏ పనీ చేయని అలర్ట్‌లు తీసేయండి.

6. టైమ్, లాగ్‌లు

అన్ని మెషీన్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీదుగా టైమ్ సరిచేసే పద్ధతి) కలపండి. లేకపోతే ఏ లాగ్ (మెషీన్ తన పనుల గురించి రాసుకునే రికార్డు) ముందో ఏది వెనకో తేలదు. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ దాడి లాంటివి తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి.

7. కేబుల్ పీకి చూడండి

ఆఫీసులో ముందే చెప్పి, ఒక శనివారం మధ్యాహ్నం టెస్ట్ సర్వర్ కేబుల్ పీకండి. చేతిలో వాచీ పట్టుకుని డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ ఎప్పుడు మోగుతుందో చూడండి. మేం మొదటిసారి పీకినప్పుడు ఫోన్ మోగలేదు. అలర్ట్ వెళ్లింది, కానీ ఉద్యోగం మానేసి ఆరు నెలలైన మనిషి నంబర్‌కి. ఆ రోజే నంబర్ మార్చి, మళ్లీ కేబుల్ పీకాం. రెండు నిమిషాల్లో మోగింది.