గొట్టం గోడకే అంటుకుపోయిన హార్మోన్

భీమవరంలో మాది చిన్న ల్యాబ్. గర్భిణుల మాయ (ప్లాసెంటా)లో తయారయ్యే గ్రోత్ హార్మోన్‌ని, అదీ జన్యు పద్ధతిలో ల్యాబ్‌లో చేసినదాన్ని (రీకాంబినెంట్), వేస్తే మొదటి వారం బాగా పెరిగిన కణాలు తర్వాత ఉలకలేదు, పలకలేదు. వానాకాలం కదా, కరెంటు పోయి ఫ్రీజర్‌లో సరుకు కరిగిందనుకున్నాను. కాదు. మరీ పలచగా కలిపి దాచడంతో ప్రోటీన్ ప్లాస్టిక్ గొట్టం గోడకే అంటుకుపోతోంది!

191 అమైనో ఆమ్లాల హార్మోన్ అది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి చేసే గ్రోత్ హార్మోన్‌కీ దీనికీ తేడా 13 చోట్లే. ఎంత ఖరీదో తలచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

కొత్త సీసాను మూత తీయకముందే సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పాను. మూతకు పట్టిన తెల్లపొడి అడుక్కి దిగింది. నురగ రాకుండా మెల్లగా కలిపి, బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో) 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే అల్బుమిన్ ప్రోటీన్) చేర్చాను. గోడకు ఇప్పుడు అదే అంటుకుంటుంది, హార్మోన్ మిగులుతుంది. చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాను. ఒక్కోదాన్ని ఒక్కసారే కరిగిస్తున్నాను. మూడో రోజుకి కణాలు మళ్లీ పెరిగాయి.