కంపారిటివ్ క్రిమినల్ లా: ఒక్క చెరువు, నాలుగు దేశాలు

ఎల్.ఎల్.ఎం.లో కంపారిటివ్ క్రిమినల్ లా, అంటే వేర్వేరు దేశాల నేర చట్టాలను పోల్చి చదివే సబ్జెక్టు, తీసుకున్నవాళ్లు ముందు కామన్ లా (కోర్టు తీర్పులకు పెద్దపీట వేసే ఇంగ్లండ్ పద్ధతి) చరిత్ర, తర్వాత సివిల్ లా (రాసిపెట్టిన కోడ్‌ల మీద నడిచే ఫ్రాన్స్, జర్మనీల పద్ధతి) చరిత్ర, ఆపైన తేడాల పట్టిక బట్టీపడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను, మూడు నెలలు చదివాక కూడా ఫలానా పని చేస్తే జర్మనీలో ఏమవుతుందని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయాను. పుస్తకం పక్కన పెట్టి ఒక సంఘటన పట్టుకున్నాకే దారి దొరికింది.

మీరూ నోట్‌బుక్‌లో ఇలా రాసుకోండి: చెరువులో ఒక పిల్లాడు మునిగిపోతున్నాడు, గట్టు మీద ఈత వచ్చిన మనిషి ఒకడు చూస్తూ నిలబడ్డాడు, ఆ పిల్లాడెవరో అతనికి తెలియదు, దూకలేదు, కేక వేయలేదు, ఫోన్ చేయలేదు, పిల్లాడు చనిపోయాడు. ఇందులో 'ఒమిషన్' (చేయాల్సింది చేయకపోవడం), 'కల్పబుల్ హోమిసైడ్' (శిక్షార్హమైన నరహత్య) లాంటి మాటలు రానివ్వకండి. అవి రాయగానే మన ఐపీసీ లెక్కలే బుర్రలోకి వచ్చేస్తాయి, మిగతా దేశాల్లోనూ వాటినే వెతుకుతాం.

మొదట మన చట్టం చూడండి. 1860 ఐపీసీ అయినా, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత అయినా, ఊరికే చేయకపోవడం నేరం కాదు, చట్టం చేయమన్నది చేయకపోతేనే నేరం. కాబట్టి గట్టు మీది మనిషి బయటపడతాడు. ఎందుకలా అంటే ఐపీసీ 1837 ముసాయిదాకు మెకాలే బృందం రాసిన నోట్స్ చదవాలి. ఖైదీకి తిండి పెట్టక చంపిన జైలరుది హత్య, ఆకలితో ఉన్న బిచ్చగాడికి పెట్టనివాడిది హత్య కాదు అని అందులో ఉదాహరణలతో సహా వాదించారు. అయితే పీనల్ కోడ్‌తో ఆగిపోవద్దు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రమాదం చేసిన డ్రైవర్‌కు గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూసే బాధ్యత పెట్టింది, 2019లో చేర్చిన 134ఏ మాత్రం సాయపడ్డ దారినపోయేవాడికి రక్షణ ఇస్తుంది తప్ప సాయపడి తీరాలనదు.

ఇంగ్లండ్‌లోనూ దాదాపు ఇదే జవాబు. ఫ్రాన్స్‌కు వెళ్తే కథ తిరగబడుతుంది. తనకూ ఇతరులకూ ప్రమాదం లేకుండా కాపాడగలిగీ కాపాడకపోతే పీనల్ కోడ్ 223-6 కింద 5 ఏళ్ల జైలు, 75,000 యూరోల జరిమానా దాకా, బాధితుడు 15 ఏళ్లలోపువాడైతే 7 ఏళ్లు, లక్ష యూరోల దాకా. జర్మనీలోనూ నేరమే, 323సి సెక్షన్, కానీ గరిష్ఠంగా ఏడాది జైలు లేదా జరిమానా.

అసలు చదువు ఇక్కడే మొదలవుతుంది. సంఘటనలో ఒక్క ముక్క మార్చండి, గట్టు మీద ఉన్నది పిల్లాడి తండ్రి అనుకోండి. మన దగ్గర, ఇంగ్లండ్‌లో అది హత్య దాకా వెళ్లొచ్చు. జర్మనీలో 13వ సెక్షన్ వల్ల అతను కాపాడాల్సిన స్థానంలో ఉన్నవాడు, కాబట్టి చంపినట్టే లెక్క. ఫ్రాన్స్‌లో మాత్రం, అపరిచితుడిమీద అంత కఠినంగా ఉన్న ఆ దేశంలోనే, ఊరికే చూస్తూ ఉన్నందుకు తండ్రిమీద హత్యానేరం మోపడం కష్టం! 1901లో పొయితియే నగరంలో ఏళ్ల తరబడి గదిలో బంధించి ఉంచిన ఒక మహిళ కేసులో, చూస్తూ ఊరుకున్న ఆమె సోదరుడిని అప్పీలు కోర్టు వదిలేసింది, ఏమీ చేయకపోవడం హింస కాదంది. సాయం చేయకపోవడాన్నే విడిగా నేరం చేసిన చట్టం 1941లో గానీ రాలేదు. ఫ్రాన్స్ కఠినం, ఇంగ్లండ్ మెతక అని ఒక్క మాటలో రాసేస్తే ఈ విషయమంతా జారిపోతుంది.

అనువాదాలతో జాగ్రత్త. జర్మన్ 'మోర్డ్' మన మర్డర్ కాదు. కావాలని చంపినా 211వ సెక్షన్‌లో చెప్పిన ప్రత్యేక లక్షణాలు లేకపోతే అది 212 కింద 'టోట్‌ష్లాగ్' అవుతుంది. జర్మన్ ప్రభుత్వ సైట్‌లో ఇంగ్లిష్ అనువాదం ఉచితంగా ఉంది, అది ఏ సవరణ దాకా ఉందో పైనే రాసి ఉంటుంది, చూసుకోండి.

చెరువు పూర్తయ్యాక 1884 నాటి డడ్లీ, స్టీఫెన్స్ కేసు తీసుకోండి. ఓడ మునిగాక పడవలో ఆకలితో అలమటిస్తూ తోటి కుర్రాడిని చంపి తిన్నారు, ఇంగ్లండ్ కోర్టు హత్యేనంది, మరణశిక్షను తర్వాత 6 నెలల జైలుగా తగ్గించారు. ఆ తీర్పు ముందు పెట్టుకుని గత్యంతరం లేని ప్రమాదంలో చేసిన పనుల గురించి చెప్పే జర్మన్ పీనల్ కోడ్ 34, 35 సెక్షన్లు చదవండి, ఒకటి పనినే సమర్థిస్తుంది, రెండోది పని తప్పేనంటూ మనిషిని మన్నిస్తుంది. ఆ ఇద్దరినీ ఏ సెక్షన్ కింద నిలబెడతారో ఒక పేజీలో రాయండి.