గేదె కుంటుతుంటే ముందు నడక చూడండి, మందు సంగతి తర్వాత

మా కోనసీమ వైపు గేదె కుంటిందంటే చాలు, ఒకాయన వచ్చి జబ్బ దిగిందంటాడు, ఇంకొకాయన తుంటి పట్టేసిందంటాడు, సాయంత్రానికి ఎవరో ఒకరు ఇనపచువ్వ కాల్చండి వాత పెట్టేద్దాం అంటారు. దయచేసి వాత పెట్టించకండి. లోపల నొప్పి ఎక్కడికీ పోదు, పైన కాలిన చోట ఈగలు వాలి పురుగు పడితే ఒక జబ్బు కాస్తా రెండవుతాయి. నేను చిన్నప్పట్నుంచీ గేదెల మధ్యే పెరిగాను, డాక్టరు గారు వచ్చేలోపు మనం చూసి చెప్పగలిగినవి చాలా ఉంటాయి, అవే రాస్తున్నా.

ముందు కాలి కీళ్ళు తెలియాలి. ముందు కాలికి మనం మోకాలు అనేది నిజానికి మన మణికట్టు లాంటిది. వెనక కాలికి సగంలో వెనక్కి పొడుచుకొచ్చినట్టు ఉంటుందే, అది మన మడమ లాంటిది. అసలు మోకాలు, చిప్ప ఉండేది, ఇంకా పైన పొట్ట పక్కన చర్మం మడతలా వేలాడే చోట ఉంటుంది. ఫోన్లో డాక్టరు గారికి "మోకాలు వాచిందండి" అంటే ఆయనొకటి అనుకుంటారు మనదొకటి అవుతుంది, అందుకే ముందు కాలా వెనక కాలా, గిట్ట నుంచి ఎన్నో కీలు అని చెప్పండి, ఫోటో పంపితే ఇంకా మంచిది.

ఇప్పుడు ఏ కాలో పట్టుకోవాలి. బురదలో తెలీదు, సిమెంటు రోడ్డు మీద తాడు వదులుగా పట్టుకుని ఒకరు నెమ్మదిగా నడిపించాలి, ఇంకొకరు పక్క నుంచి, వెనక నుంచి చూడాలి. ముందు కాలు నొప్పయితే తల చెప్పేస్తుంది, నొప్పి కాలు నేలకి ఆనగానే తల పైకి లేపుతుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందికి దించుతుంది. వెనక కాలు అయితే తుంటి ఎముకలు రెండూ చూడండి, నొప్పి ఉన్న వైపు ఎముక ఎక్కువగా పైకీ కిందకీ ఊగుతుంది. కంటికి అందకపోతే వీడియో తీసి స్లోగా చూడండి, నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

కాలు తెలిశాక చెయ్యి పైకి పోనివ్వకండి, గిట్ట దగ్గర మొదలెట్టండి. పాడి పశువుల్లో కుంటు చాలా వరకు గిట్టలోనే ఉంటుంది, అందులోనూ వెనక కాళ్ళ బయటి గిట్టలో ఎక్కువ. కాలు కట్టి బాగా నీళ్ళు కొట్టి కడిగి రెండు గిట్టల సందు చూడండి, నత్తగుల్ల, గాజుపెంకు, మేకు, ఏదైనా దిగి ఉండొచ్చు. కుళ్ళు వాసన వస్తుందా, ఒక గిట్ట ఇంకోదానికన్నా వేడిగా ఉందా, నొక్కితే కాలు లాగేసుకుంటుందా చూడండి. ఎప్పుడూ గచ్చు మీద పేడా మూత్రంలో నిలబడే గేదెలకి గిట్టలు మెత్తబడి చీలతాయి, వాటికి లీటరు నీళ్ళకి 50 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపి కాళ్ళు ముంచి నిలబెడితే పనిచేస్తుంది. కానీ ఆ నీళ్ళు మాత్రం చెరువులోకీ కాలవలోకీ వదలకండి, మైలుతుత్తంలో ఉండే రాగి చేపలకి విషం, మన చుట్టూ అన్నీ చేపల చెరువులే కదా.

గిట్ట శుభ్రంగా ఉండి కూడా వెనక కాలు ఈడుస్తుంటే ఇది జాగ్రత్తగా చదవండి. మా పెద్ద పడ్డ ఒకటి తెల్లారి కట్టుగొయ్య నుంచి విప్పగానే వెనక కాలు కర్రలా వెనక్కి చాపేసి అలా నిలబడిపోయేది. అడుగేస్తే గిట్ట కొన నేల మీద గీరుకుంటా వచ్చి, ఉన్నట్టుండి టక్‌మని కాలు పైకి ఎగిరేది. పాకలో మట్టి మీద వేలితో గీసినట్టు చారలు పడేవి, గిట్ట ముందు భాగం అరిగి నున్నగా అయిపోయింది. ఒక అరగంట నడిస్తే కొంచెం నయం, మళ్ళీ పడుకుని లేస్తే మామూలే. వాపు లేదు, జ్వరం లేదు, మేత తింటుంది. అందరూ నరం పట్టేసింది అమ్మెయ్యండి అన్నారు, బేరగాడు కూడా వచ్చి సగం ధరకి అడిగాడు, నాన్న దాదాపు ఒప్పేసుకున్నారు.

అది నరం కాదండి. తొడ ఎముక మీద పైకీ కిందకీ జారాల్సిన చిప్ప పైకెళ్ళి, లోపలి వైపు ఉండే లిగమెంటు (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ) ఎముక గట్టుకి కొక్కెంలా తగులుకుని ఉండిపోతుంది, అందుకే కాలు మడవలేదు. కొక్కెం ఊడినప్పుడే ఆ టక్. గేదెల్లో ఇది బాగా వస్తుంది. డాక్టరు గారు మోకాలు దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న గాటు పెట్టి ఆ ఒక్క లిగమెంటు కోసేశారు, కొద్ది నిమిషాల పని. లేచి నాలుగడుగులు వేసింది, కాలు మామూలుగా మడిచింది, అమ్మ ఏడ్చేసింది. కొన్ని రోజులు దూరం నడపకుండా పుండు మీద ఈగ వాలకుండా చూసుకున్నాం అంతే. ఇలాంటి గేదెని చవగ్గా అమ్మేసుకున్న వాళ్ళని చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వైద్యుడే చెయ్యాలి, ఊళ్ళో అలవాటున్న వాళ్ళెవరో బ్లేడుతో కోస్తామంటే ఒప్పుకోకండి.

చిన్న దూడ మోకాళ్ళు వాచి వేడిగా ఉండి లేవలేకపోతే ముందు బొడ్డు చూడండి. బొడ్డులోంచి క్రిములు రక్తంలో కలిసి కీళ్ళలో చీము చేస్తాయి, అదే రోజు డాక్టరుకి చూపించాలి, ఆలస్యమైతే కీలు పాడైపోతుంది. పుట్టగానే బొడ్డుకి టింక్చర్ అయోడిన్ రాసి, గంట రెండు గంటల్లోపు జున్నుపాలు తాగిస్తే చాలా వరకు రాదు. మాయ పడేదాకా పాలు పట్టకూడదు అనే పద్ధతి మా ఊళ్ళో ఇంకా ఉంది, అది మానెయ్యాలి.

జ్వరంతో కుంటితే మాత్రం నడిపించి చూసేంత టైం లేదు. వయసులో ఉన్న బలమైన పశువుకి తొడ మీదో జబ్బ మీదో వాచి, నొక్కితే లోపల చిటపటమంటే జబ్బవాపు, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది, వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యండి. నోట్లో పొక్కులు, సొంగ, గిట్టల సందులో పుండ్లు ఉంటే గాలికుంటు, దాన్ని వేరే కట్టెయ్యండి. ఈ రెంటికీ టీకాలున్నాయి, జబ్బవాపుకి వానలకి ముందు, గాలికుంటుకి ఆరు నెలలకోసారి. ఆవుల్లో ఈ రోజు ఒక కాలు రేపు ఇంకో కాలు కుంటితే అది మూడు రోజుల జ్వరం అయ్యుండొచ్చు.

దూడ కాలు విరిగితే లాగి సరిచెయ్యకండి. పాత చీర మెత్తగా చుట్టి, పైన కొబ్బరి మట్టో వెదురు బద్దలో పెట్టి, విరిగిన చోటుకి పై కీలూ కింది కీలూ రెండూ కదలకుండా కట్టండి, గిట్ట చల్లబడితే కట్టు బిగుసుకుందని అర్థం, వదులు చెయ్యండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే శుభ్రమైన గుడ్డ కప్పి కదపకుండా ఉంచి డాక్టర్ని పిలవండి.

నొప్పి బిళ్ళలు సొంతంగా వెయ్యకండి. డైక్లోఫెనాక్ పశువులకి వాడటం 2006లోనే ఆపేశారు, అది వాడిన పశువు కళేబరం తిని రాబందులు చచ్చిపోయాయి. డాక్టరు గారు ఏ మందు ఇచ్చినా పాలు ఎన్నాళ్ళు పొయ్యకూడదో అప్పుడే అడగండి.

మేత గురించి ఒక్క మాట, సార్వా దాళ్వా రెండు పంటల గడ్డీ వామి వేసుకుని ఏడాదంతా అదే వేస్తాం మనం, వరిగడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ తక్కువ, పైగా అందులో ఉండే ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. చూడి గేదెకీ పాలిచ్చే గేదెకీ రోజుకి 50 గ్రాముల దాకా మినరల్ మిక్చర్ తవుడులో కలిపి పెట్టండి, కాలవ గట్టు మీద పచ్చగడ్డి దొరికినన్నాళ్ళూ కోసుకొచ్చి వెయ్యండి. మా పడ్డ ఇప్పుడు మూడో ఈత, పొద్దున్నే విప్పగానే అందరికన్నా ముందు రేవులో దిగేది అదే.