మడత ఫోన్ కాన్సెప్ట్: రెండర్ కంటే ముందు చేతికి అందే నమూనా

రేపటి ఫోన్ ఎలా ఉంటుందో గీయమంటే చాలామంది నేరుగా బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. అంచులు లేని గాజు పలక ఒకటి గాల్లో గిర్రున తిరుగుతుంది. బ్యాటరీ ఎక్కడ పెట్టారని అడిగితే జవాబు ఉండదు. లోపల ఏది ఎక్కడ పడుతుందో తేలాకే బయటి రూపం గీయాలి, గీసింది చేత్తో పట్టుకుని చూడాలి. 1996లో పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్ రాకముందు దాని రూపకర్త జెఫ్ హాకిన్స్ అదే కొలతల చెక్కముక్కను జేబులో వేసుకుని తిరిగింది ఇందుకే.

పుస్తకంలా తెరుచుకునే ఫోన్‌నే తీసుకుందాం. మూస్తే 70 × 155 మి.మీ., తెరిస్తే 140 × 155. ఒక్కో సగం మందం 5.6 మి.మీ. చుట్టూ 4 మి.మీ. అంచు వదిలితే లోపలి తెర 132 × 147 మి.మీ. వస్తుంది. మూల నుంచి మూలకు కొలిస్తే దాదాపు 7.8 అంగుళాలు.

లోపలి జాగా లెక్క

మొదట బ్యాటరీ. 4,500 ఎంఏహెచ్‌ను, అంటే 4.5 ఆంపియర్-అవర్లను, 3.85 వోల్టులతో గుణిస్తే 17.3 వాట్-అవర్లు. లిథియం సెల్‌లో లీటరుకు 600 వాట్-అవర్లు పడతాయనుకుంటే 29 ఘన సెం.మీ. జాగా కావాలి. రెండు సగాలకూ పంచితే ఒక్కో వైపు 14.5. ఇప్పుడు 5.6 మి.మీ. మందంలోంచి తెర, దాని కింది ఆధారపు రేకు, వెనక పలక తీసేస్తే మిగిలేది 3.3 మి.మీ. అందులో 0.3 వదిలేయండి. సెల్ వాడేకొద్దీ ఉబ్బుతుంది, ఆ ఖాళీ లేకపోతే తెరను వెనక నుంచి తోస్తుంది. మిగిలిన 3 మి.మీ.తో లెక్కేస్తే సెల్ 60 × 80 మి.మీ. అవుతుంది. అంటే పొడవులో సగం బ్యాటరీకే పోయింది. బోర్డు, కెమెరాలు, స్పీకర్లు, వైబ్రేషన్ మోటారు మిగతా సగంలో సర్దుకోవాలి.

యూఎస్‌బీ-సీ రంధ్రం ఎత్తే 2.6 మి.మీ. పైనా కిందా లోహం కూడా ఉండాలి కాబట్టి 4 మి.మీ.కి దిగువన ఫోన్ గీస్తే ఛార్జింగ్ వేరే దారిలో ఎలాగో కూడా చెప్పాలి. 2025లో వచ్చిన గెలాక్సీ జడ్ ఫోల్డ్ 7 తెరిచినప్పుడు 4.2 మి.మీ. ఉంటుంది. దాదాపు ఆ అంచుకు వచ్చేసినట్టే. ప్రధాన కెమెరాకు 6 మి.మీ. పైనే లోతు కావాలి, ఉబ్బు తప్పదు. దాన్ని దాచకుండా ముందే గీయండి.

మడత దగ్గర

ఎక్కువ కాన్సెప్టులు దెబ్బతినేది ఇక్కడే. పొర ఎంత సాగుతుందో తెలియాలంటే దాని మందాన్ని వంపు వ్యాసంతో భాగించాలి. వంపు వ్యాసార్థం 1.5 మి.మీ., అంటే వ్యాసం 3 మి.మీ. అనుకుందాం. 0.03 మి.మీ. గాజు పొర 1 శాతమే సాగుతుంది, తట్టుకుంటుంది. అదే 0.2 మి.మీ. పొర దాదాపు 6.7 శాతం సాగాలి, గాజైతే పగిలిపోతుంది. అందుకే తెరను పలచని పొరలుగా చేసి మధ్యలో మెత్తటి జిగురు వాడతారు, ఏ పొరకు ఆ పొర జారుతుంది. రెండు సగాలూ సందు లేకుండా మూసుకోవాలంటే మడత దగ్గర తెర నీటి బొట్టు ఆకారంలో లోపలికి దిగాలి. మీ అడ్డుకోత బొమ్మలో దానికి ఒక్కో సగంలో కనీసం 2 మి.మీ. లోతు ఖాళీ చూపించండి.

దుమ్ము సంగతి మరవొద్దు. 2019 ఏప్రిల్‌లో రావలసిన మొదటి గెలాక్సీ ఫోల్డ్ సెప్టెంబరుకు వాయిదా పడటానికి కీలు సందుల్లోంచి తెర కిందికి చేరిన చెత్త ఒక కారణం. పై రక్షణ పొర అంచులు బయటికి కనిపించడంతో స్క్రీన్ గార్డనుకుని కొందరు పీకేయడం ఇంకో కారణం.

వేడి

గాలిలో ఉన్న ఫోన్ చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు 10 వాట్ల చొప్పున వేడి వదులుతుంది. మన ఫోన్ మూసి ఉంటే అంచులతో కలిపి దాదాపు 0.027 చదరపు మీటర్లు. గది 30 డిగ్రీలు, పట్టుకోగలిగే హద్దు 45 అనుకుంటే సుమారు 4 వాట్లు పోతాయి. మే నెలలో 42 డిగ్రీల విజయవాడలో అదే ఫోన్ ఒక వాట్ కూడా వదల్లేదు. బరువైన పనులు తెరిచినప్పుడే జరిగేలా డిజైన్ చేస్తే వేడి పోయే వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది.

నమూనా తయారీ

ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో దొరికే 5 మి.మీ. సన్‌బోర్డు, పది రూపాయల నాణేలు 24, ఫొటో పేపర్, వినైల్ స్టిక్కర్, గుడ్డ టేపు, కట్టర్, స్టీలు స్కేలు చాలు. థర్మాకోల్ వద్దు, ఫెవిక్విక్ తగిలితే కరిగిపోతుంది.

70 × 155 ముక్కలు రెండు కోయండి. ఒకేసారి గట్టిగా నొక్కితే అంచు ఏటవాలుగా పోతుంది, మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగండి. బ్యాటరీ ఉండే చోట ఒక్కోదాంట్లో 55 × 82 కిటికీ తీయండి. పది రూపాయల నాణెం వెడల్పు 27 మి.మీ., బరువు 7.71 గ్రాములు. వరుసకు రెండు చొప్పున మూడు వరుసలు, అలా రెండు అంతస్తులు పేర్చితే కిటికీలో 12 సరిగ్గా పడతాయి. మిగిలిన లోతులో అట్టముక్క పెట్టి టేపు వేయండి, లేకపోతే లోపల గలగలమంటాయి. మొత్తం 240 గ్రాములకు అటూఇటూ తూగుతుంది. బరువు నిజమైన బ్యాటరీ ఉండే చోటే ఉంది కాబట్టి ఫోన్ ఎటు వాలుతుందో చేతికి తెలుస్తుంది.

మడత వైపు లోపలి అంచుల్ని 2 మి.మీ. లోతుగా ఏటవాలుగా చెక్కి, రెండు ముక్కల్నీ తెర వైపు నుంచి గుడ్డ టేపుతో కలపండి. కలిపేముందే గుడ్డ టేపు మధ్యలో 10 మి.మీ. మేర జిగురు మీద ఇంకో సన్నటి టేపు, జిగురుకు జిగురు ఆనేలా వేయండి. తెర బొమ్మ ప్రింటు చేసి పైన అంటించే వినైల్ స్టిక్కర్‌కూ ఆ 10 మి.మీ. పట్టీ దగ్గర వెనక కాగితం తీయకుండా వదిలేయండి. మధ్యలో కూడా అంటిస్తే రెండు రోజుల్లో ముడత పడి చిరుగుతుంది. బయటి ముఖాలకు ఫొటో పేపర్.

ప్రింటు దగ్గర ఒక జాగ్రత్త. డీటీపీ షాపులో ఫిట్ టు పేజ్ (బొమ్మను కాగితానికి సరిపోయేలా మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే కొలత మారిపోతుంది, చూపుకు తెలియదు. షీటు మూల 100 మి.మీ. గీత పెట్టి, ప్రింటయ్యాక స్కేలుతో కొలవండి. తెర మీద పెట్టే రాత తెలుగులోనే పెట్టండి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' లాంటి మాటలు వరుసగా రెండు లైన్లలో వస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. 16 సైజు అక్షరానికి లైను ఎత్తు 26 దాకా ఇస్తే తేటగా ఉంటుంది.

నమూనాను కనీసం ముగ్గురికి ఇచ్చి ఒక రోజంతా వాడమనండి. ఒక చేత్తో తెరవగలుగుతున్నారా, బొటనవేలు తెరలో ఎంత దూరం పోతోంది, బస్సులో నిలబడి పట్టుకుంటే వేళ్లు ఏ అంచును కప్పుతున్నాయి అన్నవి పెన్సిల్‌తో నమూనా మీదే గుర్తు పెట్టండి. సిగ్నల్ పోయేందుకు లోహపు అంచులో వదిలే యాంటెన్నా సందులు వేళ్లు పడే చోట ఉండకూడదు. రెండు సగాల సందులూ మూసినప్పుడు ఒకదానికొకటి ఎదురుగా రావాలి, లేదంటే ఒకదాని సిగ్నల్‌కు ఇంకోదాని లోహం అడ్డుపడుతుంది.

ఈ గుర్తులను బట్టి కొలతలు దిద్దాకే 3డీ ప్రింటుకు వెళ్లండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు 2023లో మొదలైన టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ఉంది. 3డీ ప్రింటుకు ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారులో వంకరపోతుంది. నమూనాను నలుగురికీ ఇచ్చి తిప్పాలనుకుంటే ఇంకాస్త వేడిని తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్‌లో తీయించండి.