పెద్దవారిలో ఆస్తమా: రకాన్ని బట్టి దీర్ఘకాలిక పరిస్థితిని అంచనా వేసుకోవడం ఎలా?

1. ఎప్పుడు మొదలైందో రాసుకోండి

చిన్నతనంలో దుమ్ము, పుప్పొడి పడక మొదలైన అలర్జీ ఆస్తమా యౌవనంలో సద్దుమణిగి, పెద్దయ్యాక మళ్లీ తలెత్తవచ్చు. ఇది సాధారణంగా పీల్చే స్టెరాయిడ్ మందుకు బాగా లొంగుతుంది. అలర్జీ ఆనవాళ్లు లేకుండా నలభై ఏళ్ల తర్వాత కొత్తగా వచ్చిన ఆస్తమా పూర్తిగా తగ్గిపోవడం అరుదు. పొగతాగేవారిలో మందు ప్రభావం మందగిస్తుంది, ఊపిరితిత్తుల సామర్థ్యమూ త్వరగా తరుగుతుంది.

2. స్పైరోమెట్రీ (గొట్టంలోకి గట్టిగా ఊది ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష) చేయించుకోండి

విశాఖలో కేజీహెచ్‌లోనో, పెదవాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలోనో, ప్రైవేటు వైద్యుల వద్దనో ఊపిరితిత్తుల నిపుణులను సంప్రదించవచ్చు. పరీక్షకు ముందు ఏ ఇన్‌హేలర్‌ను ఎన్ని గంటలు ఆపాలో వారినే అడగండి. తక్షణ ఉపశమనానికి పీల్చే సాల్బుటమాల్‌ను (నీలిరంగు ఇన్‌హేలర్) సాధారణంగా 4 గంటలు ఆపమంటారు. పరీక్షలో శ్వాసనాళాలను విప్పే మందు పీల్చిన తర్వాత మొదటి సెకనులో ఊదగలిగిన గాలి 12 శాతానికీ, 200 మిల్లీలీటర్లకూ మించి పెరిగితే ఆస్తమా అనుమానం బలపడుతుంది. ఆ కాగితాన్ని భద్రపరచండి, ఎందుకంటే అయిదేళ్ల తర్వాత పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

3. రక్తాన్నీ ముక్కునూ చూపించుకోండి

రక్తంలో ఇసినోఫిల్ కణాలు (ఒక రకం తెల్లరక్తకణాలు) ఎక్కువగా ఉండి, ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ పెరుగుదలలు) పెరుగుతూ, వాసన తెలియకుండా పోతుంటే అది ఇసినోఫిలిక్ రకం కావచ్చు. ఈ రకంలో ఉద్ధృతులు (ఆయాసం ఒక్కసారిగా ముదరడం) తరచుగా వస్తాయి. అయితే మెపోలిజుమాబ్, బెన్రలిజుమాబ్ వంటి ఇంజెక్షన్లు వచ్చాక చాలామందికి స్టెరాయిడ్ మాత్రల అవసరం తగ్గింది. వాటి ఖరీదు మాత్రం సామాన్యులకు భారమే. పాలిప్స్ ఉన్నవారిలో కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకున్న గంట రెండు గంటల్లోనే తీవ్రమైన ఆయాసం వస్తుంది కనుక, ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో అడిగి మాత్ర తెచ్చుకునే అలవాటు వీరికి ప్రమాదకరం.

4. మీ పనిని గమనించండి

నా దృష్టిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్న రకం, చేసే పని వల్ల వచ్చే ఆస్తమాయే. ఆటోనగర్‌లో వాహనాలకు స్ప్రే పెయింటింగ్ చేసేవారు పెయింట్‌లోని ఐసోసయనేట్లనే రసాయనాలను, రొయ్యల శుద్ధి కేంద్రాల్లో పనిచేసేవారు రొయ్యల ప్రొటీన్లతో నిండిన ఆవిరిని, బేకరీ కార్మికులు పిండి ధూళిని పీలుస్తారు. వారాంతపు సెలవులోనో, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడో ఊపిరి తేలికపడి, పనిలోకి రాగానే ఛాతీ మళ్లీ పట్టేస్తుంటే, పీక్ ఫ్లో మీటరులో (ఊదే గాలి వేగాన్ని కొలిచే చిన్న పరికరం) పనిరోజుల్లోనూ సెలవుల్లోనూ రోజుకు నాలుగుసార్లు ఊది, సమయంతో సహా అంకెలు రాసి, నాలుగు వారాల పట్టికను వైద్యునికి చూపించాలి. కారకానికి పూర్తిగా దూరమైనవారిలో దాదాపు మూడోవంతు మందికి లక్షణాలు పోతాయి. ఏళ్ల తరబడి అక్కడే కొనసాగినవారికి పని మానినా ఆస్తమా మిగిలిపోవచ్చు. జీతం పోతుందన్న భయం సహజమే కానీ, అదే సంస్థలో వేరే విభాగానికి మారే అవకాశాన్ని మొదటి నెలల్లోనే అడగడం మంచిది.

5. ఇంట్లో తేమ

సముద్రపు గాలికి తేమ ఎక్కువ కావడంతో వర్షాకాలంలో బీరువా వెనుక గోడలకు బూజు పడుతుంది, పరుపుల్లో ధూళి పురుగులు పెరుగుతాయి. అలర్జీ రకం ఉన్నవారు బీరువాను గోడకు జానెడు దూరం జరపాలి, దుప్పట్లను వారానికోసారి వేడినీటిలో ఉతకాలి.

6. నీలిరంగు ఇన్‌హేలర్లను లెక్కపెట్టండి

ఏ రకమైనా సరే, ఏడాదిలో 200 డోసుల సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు మూడు లేక అంతకు మించి ఖాళీ అయితే ఉద్ధృతుల ముప్పు పెరుగుతుంది. నెలకొకటి చొప్పున అయిపోతుంటే ప్రాణాపాయం పెరుగుతుంది. ఉపశమనానికి సాల్బుటమాల్ ఒక్కదానిపైనే ఆధారపడవద్దని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ గురించి అడగండి.

7. ఏటా సమీక్షించుకోండి

ఏడాదిలో రెండుసార్లు స్టెరాయిడ్ మాత్రలు వాడవలసి వస్తే నిపుణుని వద్దకు వెళ్లాలి. మూడు నెలలపాటు లక్షణాలు అదుపులో ఉంటే మోతాదు తగ్గించే విషయం వైద్యునితో మాట్లాడవచ్చు కానీ, పీల్చే స్టెరాయిడ్‌ను సొంతంగా పూర్తిగా మానకూడదు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిరంగుకు మారినా వెంటనే 108కు ఫోన్ చేయాలి.